వెనక్కి నడిచే గడియారం

కొత్తగా మేనేజర్ హోదా అందుకున్న ఇంజనీర్లు ఇ.శ్రీధరన్ దగ్గర నేర్చుకోవలసింది వేగం ఒక్కటే కాదు; ఇంకా ఏం మిగిలి ఉందో చూసే అలవాటు

గడియారం ఎక్కడైనా ముందుకే నడుస్తుంది. ఢిల్లీ మెట్రో తొలి దశ నిర్మాణం జరిగిన రోజుల్లో ఆ సంస్థ కార్యాలయాల్లో పెట్టిన డిజిటల్ గడియారాలు మాత్రం వెనక్కి నడిచేవి. టైమెంతయిందో అవి చెప్పేవి కావు. ఫలానా మార్గం పూర్తి కావలసిన తేదీకి ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చెప్పేవి. 200, 199, 198... రోజుకు ఒకటి చొప్పున తరిగిపోయే ఆ అంకె గుమాస్తాకూ కనిపించేది, డైరెక్టర్‌కూ కనిపించేది. గోడ మీద ఉన్న అంకెతో వాదించడం ఎవరికీ సాధ్యం కాదు.

దేశంలో మామూలుగా అడిగే ప్రశ్న వేరు. ‘‘పని ఎంతదాకా వచ్చింది?’’ అని అడుగుతారు. ‘‘తొంభై శాతం అయిపోయింది సార్’’ అని జవాబొస్తుంది. నెల తర్వాత అడిగినా అదే తొంభై శాతం. రోడ్డు పనయినా, సాఫ్ట్‌వేర్ పనయినా, ఇంటికి రంగులేయించే పనయినా ఆఖరి పది శాతం దగ్గరే బండి ఆగిపోతుంది. అయిపోయిన పనిని లెక్కపెట్టుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది. మిగిలిన పనిని లెక్కపెడితేనే నిద్ర పట్టదు. ఆ గడియారం చేసిన పనల్లా ఆ రెండో లెక్కను అందరి కళ్ల ముందూ పెట్టడం.

ఆ గడియారాలు పెట్టించిన ఎలాత్తువలపిల్ శ్రీధరన్ 1932లో కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో పుట్టారు. సివిల్ ఇంజనీరింగ్ చదివింది మాత్రం కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలో. నేడు అది జేఎన్‌టీయూ కాకినాడలో భాగం. 1954లో రైల్వేలో చేరి 1990లో పదవీ విరమణ చేశారు. చాలామందికి అక్కడితో కథ ముగుస్తుంది. ఆయన పేరు దేశానికి తెలిసింది ఆ తర్వాతే. 58వ ఏట కొంకణ్ రైల్వే, 65వ ఏట ఢిల్లీ మెట్రో ఆయన చేతికొచ్చాయి.

ఈ కథ వంతెనలూ సొరంగాలూ కట్టేవారికే పనికొచ్చేది కాదు. హైదరాబాద్‌లో, బెంగళూరులో, పుణెలో ఏటా ఎందరో తెలుగు యువతీయువకులు ప్రాజెక్టు మేనేజర్లూ, ప్రోడక్ట్ మేనేజర్లూ అవుతున్నారు. నిన్నటిదాకా బాగా కోడ్ రాసినందుకు, బాగా డిజైన్ చేసినందుకు ఆ హోదా దక్కుతుంది. విచిత్రమేమంటే, ఏ పని బాగా చేసినందుకు ప్రమోషన్ వచ్చిందో ఆ పని మర్నాటి నుంచి వాళ్లది కాదు. కొత్త పని ఏమిటో ఎవరూ చెప్పరు. జీతం పెంచే అధికారం ఉండదు, మనుషులను తెచ్చుకునే అధికారం ఉండదు. అవతలి విభాగం వాళ్లు ఫోన్ ఎత్తరు. కానీ తేదీ తప్పితే మాట పడాల్సింది మాత్రం వాళ్లే. అధికారం గుప్పెడు, బాధ్యత గంపెడు.

ఈ చిక్కుకు సర్టిఫికెట్ కోర్సులు కొంత సాయం చేస్తాయి. చార్టులు గీయడం, బడ్జెట్ వేయడం నేర్పుతాయి. ఎవరిని అడగాలి, ఎప్పుడు ఊరుకోవాలి, ఎప్పుడు ఊరుకోకూడదు అనేవి నేర్పడం వాటికి కష్టం. వాటికి ఒక మనిషి పనిచేసిన తీరును దగ్గరగా చూడాలి.

సముద్రం సంగతి ఎవరికి తెలుసు?

1964 డిసెంబర్ 22 రాత్రి రామేశ్వరం దీవిని తుపాను ముంచెత్తింది. ధనుష్కోటి పట్టణం తుడిచిపెట్టుకుపోయింది. పంబన్ నుంచి ధనుష్కోటి వెళ్తున్న రైలు అలల్లో కొట్టుకుపోయి అందులోని వందమందికి పైగా జలసమాధి అయ్యారు. దీవిని ప్రధాన భూభాగంతో కలిపే పంబన్ వంతెన ఛిన్నాభిన్నమైంది. స్తంభాలు చాలావరకు నిలిచాయి గానీ, వాటి మీది గిర్డర్లలో అత్యధికం సముద్రంలో కలిసిపోయాయి.

మరమ్మతుకు రైల్వే ఆరు నెలల గడువు పెట్టింది. పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించారు. పని అప్పగించింది 32 ఏళ్ల శ్రీధరన్‌కు. కొత్త గిర్డర్లు దేశంలోని ఇతర ప్రాంతాల నుంచి తెప్పించాలన్నది మొదటి ఆలోచన. అవి రావడానికే నెలలు పట్టేది. ఈలోగా జాలర్ల నుంచి ఒక కబురు అందింది. కొట్టుకుపోయిన గిర్డర్లు వంతెనకు దూరంగా సముద్రం అడుగున పడి ఉన్నాయన్నది ఆ కబురు. వాటిని పైకి తీయించి, పనికొచ్చేవాటిని తిరిగి అమర్చారు. వంతెన మీద మళ్లీ రైలు నడిచేసరికి పట్టింది 46 రోజులు. అందుకు రైల్వే మంత్రి అవార్డు దక్కింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ 46 అనే అంకె దగ్గరే ఆగిపోతారు. అసలు సంగతి దానికి ముందు ఉంది. పనిని కుదించింది వేగం కాదు, సమాచారం. ఆ సమాచారం ఇంజనీరింగ్ విభాగంలో లేదు, ఒడ్డున వలలు ఆరబెట్టుకునేవాళ్ల దగ్గర ఉంది. లుంగీ కట్టుకుని వచ్చి చెప్పిన మాటను ఒక ఇంజనీర్ చెవిన పెట్టడం, దాని మీద ప్రణాళికనే మార్చుకోవడం చిన్న విషయం కాదు.

ప్రతి ప్రాజెక్టుకూ ఒక జాలరి ఉంటాడు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాడికి ఆ జాలరి కిరాణా కొట్టులో కౌంటర్ దగ్గర నిలబడే కుర్రాడు. బ్యాంకు యాప్ తయారుచేసేవాడికి ఫిర్యాదులు వినే కాల్ సెంటర్ అమ్మాయి. మూడేళ్లుగా అదే ప్రోగ్రాంను పరీక్షిస్తున్న టెస్టర్‌కు అది ఏ చోట కూలుతుందో మేనేజర్ కంటే ముందే తెలిసి ఉంటుంది. వీళ్లెవరూ సమావేశాలకు రారు. వచ్చినా వెనక వరసలో కూర్చుంటారు. ప్రణాళిక కాగితం మీద పెట్టేముందు ఒక పూట వాళ్ల దగ్గర గడిపితే నెలలు కలిసొస్తాయి. ప్రోడక్ట్ మేనేజర్ ఉద్యోగంలో సగం ఇదే. మిగతా సగం, విన్నదాన్ని నమ్మి ప్రణాళిక మార్చుకునే ధైర్యం.

పలుగు దించే ముందే

కోల్‌కతా మెట్రోకు ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది 1972 డిసెంబర్‌లో. దేశంలోనే తొలి భూగర్భ రైలు అది. ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా 3.4 కిలోమీటర్ల తొలి ముక్క మీద రైలు నడిచింది 1984 అక్టోబర్‌లో. అంటే దాదాపు 12 ఏళ్లు. డమ్‌డమ్ నుంచి టాలీగంజ్ వరకు మొత్తం మార్గం పూర్తయ్యేసరికి 1995 వచ్చింది. ఢిల్లీలో 1998 అక్టోబర్‌లో పని మొదలైతే, షాదరా-తీస్ హజారీ మార్గం మీద 2002 డిసెంబర్ 24న ప్రధాని వాజపేయి తొలి రైలును ప్రారంభించారు. 65 కిలోమీటర్ల తొలి దశ అనుకున్నదానికి దాదాపు మూడేళ్లు ముందే, రూ.10,571 కోట్ల వ్యయంతో 2006 నాటికి పూర్తయింది.

కోల్‌కతా ఇంజనీర్లు అసమర్థులు కారు. ఆ మెట్రో ప్రణాళిక, డిజైన్ పనుల్లో 1970ల మొదట్లో శ్రీధరన్ కూడా ఉన్నారు. అక్కడ డబ్బు ఏటా బడ్జెట్లో బొట్లుబొట్లుగా రాలేది. రోడ్డు తవ్వాక కింద నీటి గొట్టాలు, మురుగు కాల్వలు, టెలిఫోన్ కేబుళ్లు బయటపడేవి. ఒక్కోటీ ఒక్కో శాఖది. కోర్టు కేసులు పడేవి. ఎవరి నిర్ణయం ఎక్కడ ఆగిందో తేలేది కాదు. పని ఆలస్యం కాలేదు, నిర్ణయాలు ఆలస్యమయ్యాయి.

ఢిల్లీలో ఆ పాఠం వంటబట్టింది. పలుగు నేల మీద పడేముందే మూడు విషయాలు తేల్చుకున్నారు. మొదటిది డబ్బు. కేంద్రం, ఢిల్లీ ప్రభుత్వం చెరి సగం వాటాతో కంపెనీ పెట్టాయి. వ్యయంలో పెద్ద భాగాన్ని జపాన్ తక్కువ వడ్డీకి అప్పుగా ఇచ్చింది. రెండోది నిర్ణయం. టెండర్లు, నియామకాల విషయంలో మేనేజింగ్ డైరెక్టర్ మాటే చివరి మాట. మంత్రుల దగ్గరికి ఫైలు తిరగాల్సిన అవసరం తగ్గింది. మూడోది జ్ఞానం. తెలియనిది తెలియదని ఒప్పుకుని విదేశీ కన్సల్టెంట్లను పెట్టుకున్నారు, సొంత సిబ్బందిని శిక్షణకు హాంకాంగ్ పంపారు. తవ్వకం మొదలుకాక ముందే కింది గొట్టాలు, కేబుళ్లు పక్కకు జరిపే ఏర్పాటు చేశారు. మట్టి లారీలు రోడ్డెక్కే ముందు టైర్లు కడిగి పంపేవారు. ఊరికి విసుగు పుట్టిస్తే పని ఆగుతుందని వాళ్లకు తెలుసు.

‘‘శ్రీధరన్‌కు అన్ని అధికారాలిచ్చారు కాబట్టి చేశారు, మాకెవరిస్తారు?’’ అని ఏ యువ మేనేజరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే అధికారాలు ఆయనకు ఊరికే రాలేదు. 1964లో పంబన్ దగ్గర ఆయనకు అవి లేవు. ఇచ్చిన మాట వరసగా నిలబెట్టుకుంటూ పోతే, తర్వాతి పనికి షరతులు పెట్టే అర్హత వస్తుంది. అది ముప్పై ఏళ్ల సంపాదన. ఇక అధికారం లేనివాడు కూడా పని ఒప్పుకునే రోజున మూడు ప్రశ్నలు అడగొచ్చు. ఇద్దరి మధ్య పేచీ వస్తే తీర్పు చెప్పేదెవరు? డబ్బు, మనుషులు ఏ తేదీకి చేతికొస్తారు? మన దారిలో ఎవరి గొట్టాలు అడ్డం ఉన్నాయి, వాటిని జరిపేదెవరు? సాఫ్ట్‌వేర్‌లో ఆ గొట్టాలు వేరే బృందం రాయాల్సిన ప్రోగ్రాం, భద్రతా విభాగం అనుమతి, కస్టమర్ ఇవ్వాల్సిన డేటా. ఈ మూడింటికీ జవాబు రాతపూర్వకంగా రాకుండా తేదీ ఒప్పుకుంటే, అది ప్రణాళిక అనిపించుకోదు, మొక్కుబడి అవుతుంది.

వాదన ఓడిపోతే?

శ్రీధరన్ గెలిచిన సంగతులు అందరికీ తెలుసు. ఓడిన సంగతి ఒకటి ఉద్యోగులకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. ప్రపంచంలోని మెట్రోలు చాలావరకు 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్ మీద నడుస్తాయి. బోగీలు, పరికరాలు సులువుగా దొరుకుతాయి, మలుపులు తక్కువ స్థలంలో తిప్పొచ్చు. ఢిల్లీకి అదే కావాలన్నది ఆయన వాదన. భారతీయ రైల్వే మాత్రం తన 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజే ఉండాలని పట్టుబట్టింది. 2000లో కేంద్రం బ్రాడ్ గేజ్ వైపే మొగ్గింది. శ్రీధరన్ ఓడిపోయారు.

అలాంటప్పుడు సాధారణంగా రెండు పనులు జరుగుతాయి. ఒకటి, అలిగి రాజీనామా చేయడం. రెండోది మరీ ప్రమాదకరం. పైకి సరేనని లోపల పనిని నత్తనడక నడిపించి, చివరికి ‘‘నేను ముందే చెప్పాను’’ అనడం. ఆయన ఆ రెండూ చేయలేదు. నచ్చని గేజ్ మీదే తొలి దశను గడువుకంటే ముందు పూర్తి చేశారు. వాదనను మాత్రం వదల్లేదు. రెండో దశలో కొత్త మార్గాలకు స్టాండర్డ్ గేజ్ అనుమతి వచ్చింది. తొలి దశ ఫలితమే ఆ వాదనకు బలమిచ్చింది.

మేనేజర్‌కు ఇది రోజువారీ అవసరం. అభ్యంతరం ఉంటే లెక్కలతో, కాగితం మీద, నిర్ణయం తీసుకునే మనిషికి నేరుగా చెప్పాలి. క్యాంటీన్‌లో కాదు. నిర్ణయం వచ్చాక దాన్ని సొంత నిర్ణయంలాగే అమలు చేయాలి. బృందం ముందు ‘‘పైవాళ్లు చెప్పారు కాబట్టి చేస్తున్నాం’’ అన్న మేనేజర్ ఆ క్షణంలోనే పోస్ట్‌మన్ అయిపోతాడు.

హైదరాబాద్‌కు వచ్చిన ఉత్తరం

అన్ని వాదనలూ అలా ముగించదగినవి కావు. ఎక్కడ సర్దుకోవాలో, ఎక్కడ సర్దుకోకూడదో తెలియడమే అసలు విద్య. అందుకు ఉదాహరణ తెలుగు నేల మీదే ఉంది.

2008లో హైదరాబాద్ మెట్రో కాంట్రాక్టు మేటాస్ నాయకత్వంలోని కన్సార్షియంకు దక్కింది. మెట్రో అంటే ఎక్కడైనా ప్రభుత్వం ఎదురు డబ్బివ్వాలి. ఈ కన్సార్షియం ప్రభుత్వ సాయం అక్కర్లేదనడమే కాక, 35 ఏళ్లలో తానే ప్రభుత్వానికి రూ.30,311 కోట్లు ఇస్తానంది. రాష్ట్రంలో సంబరపడ్డారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో శ్రీధరన్ ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు మాంటెక్ సింగ్ అహ్లూవాలియాకు ఉత్తరం రాశారు. హైదరాబాద్ మెట్రోకు తొలి ప్రాజెక్టు నివేదిక తయారుచేసింది ఢిల్లీ మెట్రోయే కాబట్టి లెక్కలు ఆయనకు కొత్త కావు. రైలుతో పాటు దాదాపు 300 ఎకరాల విలువైన భూమి ప్రైవేటు చేతికి వెళ్తోందని, లాభం రైలులో కాక భూమిలో ఉందని, ఇది పెద్ద రాజకీయ కుంభకోణంగా మారే ప్రమాదముందని హెచ్చరించారు. రాష్ట్ర ప్రభుత్వం మండిపడింది. క్షమాపణ చెప్పాలని, లేదంటే పరువునష్టం దావా వేస్తామని అంది. ఆయన వెనక్కి తగ్గలేదు.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు ఖాతాల మోసాన్ని ఒప్పుకున్నారు. మేటాస్ ఆ కుటుంబానిదే. మెట్రోకు నిధుల ఏర్పాటు చూపలేకపోవడంతో జులైలో కాంట్రాక్టు రద్దయింది. 2010లో మళ్లీ టెండర్లు పిలిస్తే, గెలిచిన ఎల్ అండ్ టీ రూ.1,458 కోట్ల ప్రభుత్వ సాయం అడిగింది. తొలి రైలు 2017 నవంబర్ 28న కదిలింది.

సత్యంలో ఏం జరుగుతోందో శ్రీధరన్‌కు తెలిసే అవకాశం లేదు. ఆయన చేసింది మామూలు లెక్క. అందరూ డబ్బడిగే చోట ఒకరు ఎదురిస్తానంటే ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగారు. కొత్త ఉత్పత్తులు ప్రవేశపెట్టే ప్రతివారూ బల్ల మీద అతికించుకోవలసిన ప్రశ్న ఇది. పోటీదారు సగం ధరకే ఇస్తున్నాడు, సరఫరాదారు సగం సమయంలోనే చేసిపెడతానంటున్నాడు, సేల్స్ విభాగం ఏడాదిలో వినియోగదారులు పదింతలవుతారంటోంది. మంచిదే. ఎలా? గేజ్ విషయంలో వచ్చేది అసౌకర్యం, సర్దుకోవచ్చు. జనం ఆస్తి, జనం భద్రత విషయంలో సర్దుకోకూడదు. కాగితం మీద పెట్టి సంతకం చేయాలి. దానికి ఖరీదు ఉంటుంది. ఖరీదు లేని నిజాయితీకి విలువ కూడా తక్కువే.

గడియారం మాట వినని చోటు

గడువు అంటే ఆయనకు ప్రాణం. అయినా గడువు గెలవని చోట్లున్నాయి. కొంకణ్ రైల్వేను అయిదేళ్లలో పూర్తి చేయాలనుకున్నారు. కొండలు తొలుస్తూ, నదులు దాటుతూ 700 కిలోమీటర్లకు పైబడిన మార్గం, 90కి పైగా సొరంగాలు. గట్టి రాయి ఉన్నచోట పని చకచకా సాగింది. గోవాలోని పెర్నెం లాంటి చోట్ల తడి మట్టి ఎంత తవ్వినా తిరిగి కూలేది. ప్రాణాలు కూడా పోయాయి. మార్గమంతా రైలు నడిచేసరికి 1998 జనవరి వచ్చింది. నేల తన టైంటేబుల్ తానే రాసుకుంటుంది. ప్రతి ప్రాజెక్టులోనూ ఒక పెర్నెం ఉంటుంది. తెలివైన మేనేజర్ దాన్ని ఆఖరికి వదిలిపెట్టడు. అన్నిటికంటే ముందు అక్కడే మనిషిని దించి నేల ఎలా ఉందో చూస్తాడు.

2009 జులై 12 తెల్లవారుజామున దక్షిణ ఢిల్లీలోని జమ్రూద్‌పూర్ దగ్గర నిర్మాణంలో ఉన్న మెట్రో వంతెన కూలి ఆరుగురు మరణించారు. అప్పటికి 2010 కామన్వెల్త్ క్రీడల గడువు తరుముతోంది. కూలిన స్తంభంలో అంతకు ముందే పగుళ్లు కనిపించాయి, కొంతకాలం పని ఆపి మళ్లీ మొదలుపెట్టారు. అంటే నిజం ముందుగానే కబురు పంపింది. శ్రీధరన్ అదే రోజు నైతిక బాధ్యత వహిస్తూ రాజీనామా ఇచ్చారు. ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ మర్నాడు దాన్ని తిరస్కరించారు. ఆయన కొనసాగారు, విచారణ జరిగింది, చర్యలు తీసుకున్నారు. పోయిన ఆరు ప్రాణాలు మాత్రం ఏ రాజీనామాతోనూ తిరిగిరావు. వెనక్కి నడిచే గడియారం పక్కన మరొకటి కూడా ఉండాలని ఆ ఘటన చెప్పింది. ‘‘ఆపండి’’ అనే అధికారం చిట్టచివరి పనివాడికీ ఉండాలి. అతను ఆ మాటంటే కోప్పడే మేనేజర్ గడువును కాపాడుతున్నాననుకుంటాడు, నిజానికి ప్రమాదాన్ని కాపాడుతుంటాడు.

తప్పు జరిగినప్పుడు ఎవరు ముందు నిలబడాలన్నదానికి మరో ఉదాహరణ శ్రీహరికోటలో ఉంది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో కూలింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకు మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు, విలేకరులతో మాట్లాడమని కలాంను పంపారు. కలాం ఈ సంగతిని జీవితాంతం చెబుతూనే ఉన్నారు. ఓటమికి ముందు వరస, గెలుపుకు వెనక వరస. నాయకత్వం మీద రాసిన పుస్తకాలన్నీ కలిపి ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు.

కట్టడం వేరు, ఎక్కించడం వేరు

శ్రీధరన్‌ను దేవుణ్ణి చేస్తే పాఠం సగమే అందుతుంది. కొంకణ్ రైల్వే మీద సరకుల రవాణా అంచనాలను అందుకోలేదు, అప్పుల భారం సంస్థను చాలాకాలం వెంటాడింది. ఢిల్లీ మెట్రో తొలి రోజుల్లో ఎగబడిన జనాన్ని చూసి, సరదా ప్రయాణాలు కొన్నాళ్లు వాయిదా వేసుకోండని అధికారులే వేడుకోవలసి వచ్చింది. అయినా తొలి దశ పూర్తయ్యాక నిత్యం ఎక్కినవారి సంఖ్య మొదట వేసిన అంచనాల కంటే చాలా తక్కువ. హైదరాబాద్ మెట్రోదీ అదే కథ. స్టేషన్ దిగాక ఇంటికి చేరడానికి ఫీడర్ బస్సు లేకపోతే, నడవడానికి ఫుట్‌పాత్ లేకపోతే, ఎంత మంచి రైలయినా కొందరికి దూరమే.

ప్రాజెక్టు మేనేజర్‌కూ ప్రోడక్ట్ మేనేజర్‌కూ తేడా ఇక్కడే తెలుస్తుంది. మొదటివాడి ప్రశ్న ‘ఎప్పటికి పూర్తవుతుంది?’ రెండోవాడి ప్రశ్న ‘పూర్తయ్యాక ఎవరు ఎక్కుతారు?’ గడువులోపు తయారై ఎవరూ తెరవని యాప్ ఖాళీగా నడిచే రైలు లాంటిది. చాలా కంపెనీల్లో ఈ రెండు పనులూ ఒకే మనిషి మీద పడతాయి. అతను మొదటి ప్రశ్నలో మునిగిపోయి రెండోదాన్ని మరిచిపోతాడు. ఎందుకంటే తేదీ తప్పితే ఆ వారమే నిలదీస్తారు, జనం రాకపోతే ఏడాది తర్వాత గానీ అడగరు.

రేపు ఉదయం ఏం చేయొచ్చు?

ఢిల్లీ మెట్రోలో ప్రతి సోమవారం విభాగాధిపతులంతా కూర్చునేవారు. ఏ పని ఎక్కడ ఆగిందో అక్కడే చెప్పి, అక్కడే తేల్చుకుని లేచేవారు. ఇందుకు పెద్ద అధికారం అక్కర్లేదు. నలుగురున్న బృందమైనా చేయొచ్చు. ‘ఎంత శాతం అయింది?’ అని అడగడం మానేసి ‘ఏం మిగిలింది, దానికి ఎవరి నిర్ణయం కావాలి?’ అని అడిగితే చాలు, సమావేశం స్వరూపమే మారిపోతుంది. తేదీని పై నుంచి రుద్దకుండా పనిచేసేవాళ్ల నోటి నుంచే రాబట్టాలి. తాను చెప్పిన తేదీ తప్పడానికి మనిషి సిగ్గుపడతాడు. ఇతరులు చెప్పిన తేదీ తప్పితే భుజాలు ఎగరేస్తాడు.

ఐటీ కంపెనీల్లో ‘పుచ్చకాయ రిపోర్టు’ అని ఒక హాస్యం ఉంది. పైకి అంతా పచ్చగా, కోసి చూస్తే లోపలంతా ఎర్రగా. వారం వారం పచ్చరంగు చూపించి, ఆఖరి వారంలో ఎర్రరంగు బయటపెట్టే ప్రాజెక్టులకు ఆ పేరు. దానికి కారణం అబద్ధాలాడే మనుషులు కాదు, చెడ్డ కబురు తెచ్చినవాణ్ణి చీవాట్లు పెట్టే పెద్దలు. ‘‘ముందే చెప్పావు, మంచిదే’’ అనే ఒక్క మాట నేర్చుకున్న మేనేజర్‌కు పగుళ్ల కబురు పగుళ్ల దశలోనే అందుతుంది.

ఒక రంగంలో నేర్పు అన్నిచోట్లా చెల్లుతుందనుకోవడమూ పొరపాటే. 2021లో శ్రీధరన్ బీజేపీ అభ్యర్థిగా పాలక్కాడ్ అసెంబ్లీ స్థానానికి పోటీ చేసి నాలుగు వేల లోపు ఓట్ల తేడాతో ఓడారు. ఓటరుకు వెనక్కి నడిచే గడియారం పెట్టడం కుదరదు.

అయితే మేనేజర్‌కు అసలు పరీక్ష అతను కుర్చీ దిగాక మొదలవుతుంది. 2011 డిసెంబర్ 31న శ్రీధరన్ ఢిల్లీ మెట్రో నుంచి తప్పుకున్నారు. బయటి నుంచి ఎవరినో వెతకలేదు. ఆ సంస్థలోనే ఎదిగిన మంగూ సింగ్ బాధ్యత తీసుకున్నారు. ఇవాళ ఆ మెట్రో 350 కిలోమీటర్లు దాటింది. అందులో ఎక్కే కుర్రకారులో చాలామందికి శ్రీధరన్ ఎవరో తెలియకపోవచ్చు. రైలు మాత్రం వేళకు వస్తుంది. మేనేజర్ ఉద్యోగంలో చివరికి మిగలాల్సింది అదే.